వెలిగే దుర్భిణి



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసంలో ఏదైనా గొప్ప ఆవిష్కరణ గురించి చెప్పమన్నారు నిర్వాహకులు. నేను పరారుణ ఖగోళశాస్త్రం వాడే పరికరాల గురించి చెబుతానన్నాను. ఆయన దగ్గర ప్రాక్టికల్స్ చేసినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు, వాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చి ముందు జీరో ఎర్రర్, అంటే ఏమీ కొలవకముందే అది చూపించే అంకె, ఎంతో చెప్పమనేవారు. అది చూసుకోకుండా రాసిన రీడింగు ఎంత చక్కగా ఉన్నా ఎర్ర సిరాతో కొట్టేసేవారు. పరారుణ ఖగోళశాస్త్రం చరిత్రంతా ఆ జీరో ఎర్రర్ చరిత్రేనని నా అభిప్రాయం. ఆ దృష్టితోనే చెబుతాను.

1800లో విలియం హెర్షెల్ సూర్యుణ్ణి కళ్లు మాడకుండా చూడ్డానికి రంగు గాజులు వెతుకుతున్నాడు. కొన్నిటి నుంచి వెలుతురు తక్కువ, వేడి ఎక్కువ రావడం గమనించాడు. ఏ రంగు ఎంత వేడి మోస్తుందో తేల్చుదామని పట్టకంతో ఎండను విడగొట్టి థర్మామీటర్లు పెట్టాడు. ఎరుపు దాటాక, కంటికేమీ కనపడని చోట, పాదరసం ఇంకా పైకి లేచింది. అదే పరారుణం. 1856లో పియాజీ స్మిత్ టెనరిఫ్ కొండ మీద నుంచి చంద్రుడి వేడిని పట్టాడు. తర్వాత లాంగ్లీ అలాంటి వేడిని కొలిచే బోలోమీటరు తయారుచేశాడు. ఆపైన చాలాకాలం నత్తనడకే.

ఎందుకంటారా? గది ఉష్ణోగ్రతలో ఉన్న ప్రతి వస్తువూ పరారుణంలో వెలుగుతుంది, పది మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర మరీను. మీరు, నేను, ఈ మైకు, టెలిస్కోపు అద్దం, దాన్ని మోసే ఇనుప చట్రం, పైనున్న గాలి, అన్నీ వెలుగుతూనే ఉంటాయి. పెట్రోమాక్స్ లైటు భుజాన పెట్టుకుని మిణుగురుని వెతకబోయినట్టుంటుంది వ్యవహారం. పైగా ఈ లైటును ఆర్పడానికి లేదు. చల్లబరచగలిగినంత చల్లబరచాలి, మిగిలినదాన్ని లెక్కకట్టి తీసెయ్యాలి.

మొదటి మంచి డిటెక్టర్లు ఖగోళశాస్త్రం కోసం పుట్టినవి కావు. లెడ్ సల్ఫైడ్ డిటెక్టర్లు రెండో ప్రపంచయుద్ధంలో సైనికావసరాలకు ఎదిగాయి. యుద్ధం ముగియగానే కైపర్ వాటిని టెలిస్కోపుకి తగిలించి, 1947లో అంగారకుడి మీద కార్బన్ డయాక్సైడ్ ఉందని కనిపెట్టాడు. ఈ రుణం చెప్పుకోవడానికి మనవాళ్లు మొహమాటపడతారు గానీ, ఆ తర్వాత వచ్చిన ఇండియం యాంటిమొనైడ్, మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ డిటెక్టర్ల కథలోనూ సైన్యం డబ్బు ఉంది. ఖగోళశాస్త్రజ్ఞులు సొంతంగా తెచ్చింది చలి, ఓపిక.

ఆ చలి తెచ్చినవాళ్లలో నేను ముందు చెప్పే పేరు ఫ్రాంక్ లో. 1961లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉండగా గాలియం కలిపిన జెర్మేనియం ముక్కతో, ద్రవ హీలియంలో పనిచేసే బోలోమీటరు చేశాడు. తర్వాత అరిజోనాకి వెళ్లి, 1967లో టూసాన్‌లో ఒక కంపెనీ పెట్టి తోటి ఖగోళశాస్త్రజ్ఞులకు డిటెక్టర్లు, వాటిని చల్లగా ఉంచే పాత్రలు అమ్మాడు. ఒక శాస్త్రం నిలదొక్కుకోవడానికి సిద్ధాంతమెంత అవసరమో, నమ్మకంగా సరుకిచ్చే దుకాణం కూడా అంత అవసరం!

అదే రోజుల్లో కాల్‌టెక్‌లో లేటన్, నోయిగెబావర్ ఇద్దరూ మరీ చవకగా కానిచ్చారు. 62 అంగుళాల అద్దం గాజుతో చేయిస్తే ఖర్చు భరించలేరు. ఎపాక్సీ జిగురును పళ్లెంలో పోసి సమవేగంతో తిప్పుతూ గట్టిపడనిచ్చారు. తిరిగే ద్రవం ఉపరితలం దానంతటదే పారాబొలా అవుతుంది కదా! దానిమీద అల్యూమినియం పూత వేసి, మౌంట్ విల్సన్ మీద పెట్టి, అక్కణ్ణుంచి కనిపించే ఆకాశంలో చాలా భాగం గాలించారు. 1969లో అచ్చయిన వాళ్ల పట్టికలో 5,600కి పైగా వస్తువులున్నాయి.

ఇంతవరకూ అంతా ఒక్కో చుక్కా కొలిచిన కాలం. బొమ్మ కావాలంటే ఒక్క డిటెక్టరుతో ఆకాశాన్ని అంగుళమంగుళం దున్నాలి. 1986లో హవాయిలోని మౌనా కియా మీద, 3.8 మీటర్ల యుకిర్ట్ టెలిస్కోపుకి ఇయాన్ మెక్లీన్ బృందం ఐర్‌క్యామ్ అనే కెమెరా తగిలించింది. దాని డిటెక్టర్‌లో 62 వరసలు, 58 నిలువులు, అంటే 3,596 పిక్సెళ్లు. ఇప్పటి ఫోన్లు చూసినవాళ్లకి నవ్వొస్తుంది. ఆనాడు మాత్రం నక్షత్రాలు పుట్టే ధూళిమేఘాల లోపలి బొమ్మ ఒకేసారి తెరమీదకొచ్చింది.

ఇలాంటి కెమెరా లోపల ఏముంటుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. బయట గాలి తీసేసి శూన్యం చేసిన లోహపు పెట్టె, క్రయోస్టాట్ అంటారు. లోపల వేడిని అడ్డుకునే కవచాలు, వాటి లోపల లెన్సులు, ఫిల్టరు చక్రాలు, చివర డిటెక్టరు. మధ్యలో కోల్డ్ స్టాప్ అనే చల్లటి రేకు, దానికో రంధ్రం. డిటెక్టరుకి టెలిస్కోపు అద్దం తప్ప చుట్టూ ఉన్న వెచ్చటి చట్రం కనపడకుండా చూడ్డమే ఆ రంధ్రం పని. ద్రవ నైట్రోజన్ చలికి, అంటే 77 కెల్విన్‌కి, వచ్చేసరికి మీటరు పొడవున్న అల్యూమినియం కడ్డీ దాదాపు 4 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. గాజు అంతగా కుంచించుకోదు. రెండింటినీ గట్టిగా బిగిస్తే లెన్సు పగులుతుంది, వదులుగా వదిలేస్తే కదులుతుంది. మామూలు గ్రీజు రాయైపోతుంది, అందుకని పళ్లచక్రాలకు మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి పూత వేస్తారు.

పరీక్షల దగ్గర ఇంకా ఓర్పు కావాలి. అతుకుల్లో పెట్టే రబ్బరు ఓ-రింగు మీద వెంట్రుక పడినా శూన్యం నిలవదు. అతుకు అతుకు వెంబడి సన్నగొట్టంతో హీలియం ఊదుకుంటూ పోతారు. అది ఎక్కడ లోపలికి దూరితే అక్కడ లీక్ డిటెక్టరులో అంకె లేస్తుంది. తర్వాత నెమ్మదిగా చల్లబరచాలి. పెద్ద పరికరాలకు దీనికే రోజులు పడతాయి. తీరా చల్లబడ్డాక ఏదో ఒక చక్రం తిరగనని మొరాయిస్తుంది. మూత తీస్తే గాలిలోని తేమంతా లోపల మంచై కూర్చుంటుంది కాబట్టి, ముందు మెల్లగా వెచ్చబరచాలి. ఒక్క స్క్రూ సరిచేసి, మళ్లీ పంపు ఆన్ చేసి మొదటికి రావాలి.

అందుకే కెక్ టెలిస్కోపుకి 2012లో వచ్చిన మాస్‌ఫైర్ అనే పరికరమంటే నాకు ముచ్చట. దీని వెనకా మెక్లీన్ ఉన్నాడు, ఆయనతో చక్ స్టైడెల్. ఒకేసారి ఎన్నో గెలాక్సీల వర్ణపటం తీయాలంటే ఒక్కోదానికీ ఒక్కో చీలిక కావాలి. రేకుల్లో చీలికలు కోసి పెట్టే పద్ధతిలో రేకు మార్చడమే పెద్ద తతంగం. మాస్‌ఫైర్‌లో ఆ చలిలోనే కదిలే 92 కడ్డీలు పెట్టారు. జతకొకటి చొప్పున 46 చీలికలు. మూత తెరవకుండా, కొద్ది నిమిషాల్లో, కంప్యూటరు ముందు కూర్చుని మార్చుకోవచ్చు.

పరీక్ష అనగానే 2017 గుర్తురావాలి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దాలనూ పరికరాలనూ హ్యూస్టన్‌లోని జాన్సన్ కేంద్రంలో, చంద్రయాత్రల కాలం నాటి శూన్యగదిలో పెట్టి, మూడు నెలల పైచిలుకు పరీక్షించారు. ఆగస్టు చివర్లో హార్వే తుపాను ఊరిని ముంచెత్తింది. లోపల గడ్డకట్టే చలి, బయట రోడ్ల మీద వరద, ద్రవ నైట్రోజన్ నిల్వలు అయిపోతాయేమోనన్న బెంగ. అయినా బృందం కదలలేదు. పరీక్ష ఆగలేదు.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి మీటరు వెడల్పు అద్దమున్న దూర పరారుణ టెలిస్కోపుని ఎన్నోసార్లు ఎగరేశారు. బెలూన్లూ ఇక్కడే తయారు. దారిలో సున్నాకి 80 డిగ్రీలు దిగువన ఉండే గాలిపొరలో ప్లాస్టిక్ పెళుసై పగలకూడదు, అదో పెద్ద విద్య. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో, 0.3 కెల్విన్‌కి చల్లబరచిన బోలోమీటర్లతో పరిశీలన. 1999లో జపాన్ వాళ్ల ఫాబ్రీ-పెరో స్పెక్ట్రోమీటరు తగిలించి, కార్బన్ అయాన్లు వెలిగే 158 మైక్రాన్ల గీతని వెతికారు. బెలూన్లు ఎగరేసే ముందు, పొలాల్లో పరికరం పడితే ముట్టుకోవద్దని తెలుగు పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి. పారాచూట్‌తో దిగిన టెలిస్కోపుని తెచ్చి బాగుచేసి మళ్లీ పంపేవారు.

ఈ దూర పరారుణ టెలిస్కోపుతో ఇంకో చిక్కుంది. ఆ తరంగదైర్ఘ్యాల్లో ఆకాశం నుంచి నేలకి వెలుగే దిగదు, మధ్యలో నీటి ఆవిరి మింగేస్తుంది. కాబట్టి నేలమీద ఎంత పరీక్షించినా ఏ నక్షత్రాన్నీ చూపించి సరిచూసుకోవడం కుదరదు. పైకెళ్లాక, వెలుగెంతో ముందే లెక్కకట్టి ఉన్న గురుగ్రహం లాంటి దానివైపు తిప్పి, అక్కడ వచ్చిన సంకేతంతో పరికరాన్ని సరిపోల్చుకునేవారు. ఆ కొలతతోనే మిగతా రాత్రి చూసిన మేఘాలన్నిటికీ విలువ కట్టేవారు.