గర్వమనే గుర్రం: బ్రెటన్ కవి ఎలియాస్

మాతృభాష గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేనొక దూరదేశపు కవి గురించి చెబుతాను. వింటుంటే మన సంగతి లాగే ఉంటుంది.

ఫ్రాన్స్ పడమటి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ప్రాంతం బ్రిటనీ. అక్కడి పాత భాష బ్రెటన్. ఆ ప్రాంతంలో పుల్‌డ్రోజిక్ అనే ఊళ్లో, 1914లో, పేద కుటుంబంలో పియెర్-జాకెజ్ ఎలియాస్ పుట్టారు. ఇంట్లో బ్రెటన్, బడిలో ఫ్రెంచి. బడిలో బ్రెటన్ మాట్లాడి దొరికిన పిల్లవాడి చేతికి ఒక వస్తువు ఇచ్చేవారు. దాని పేరు 'ఆవు'. అది వదలాలంటే బ్రెటన్ మాట్లాడే ఇంకొకడిని పట్టివ్వాలి. చివరికి ఎవరి దగ్గర మిగిలితే వాడికి శిక్ష. అంటే పిల్లల మీద పిల్లలనే కాపలా పెట్టారన్నమాట.

తల్లిదండ్రులు కూడా ఫ్రెంచి నేర్చుకోమనే చెప్పారు. పేదరికం నుంచి బయటపడే దారి అదేనని వాళ్లకు తెలుసు. ఎలియాస్ స్కాలర్‌షిప్పు మీద కెంపేర్ పట్నంలో ఉండి చదువుకున్నారు. తర్వాత అదే పట్నంలో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెప్పారు.

బడిలో నేర్పలేదు కాబట్టి అప్పట్లో చాలామంది బ్రెటన్లకు సొంత భాష చదవడం వచ్చేది కాదు. కానీ వింటే అర్థమయ్యేది కదా! 1946 నుంచి ఎలియాస్ రేడియోలో బ్రెటన్ కార్యక్రమాలు నడిపారు. మిత్రుడు పియెర్ ట్రెపోస్‌తో కలిసి ఇద్దరు పల్లెటూరి పాత్రలను సృష్టించి, వాళ్ల చేత నవ్వించే కబుర్లు చెప్పించారు. నాటకాలు రాశారు, కవిత్వం రాశారు. 1974లో 'నల్లరాయి' అనే అర్థం వచ్చే పేరుతో కవితల పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడాది తన ఊరి జీవితాన్ని 'గర్వమనే గుర్రం' పేరుతో ఫ్రెంచిలో అచ్చు వేస్తే, లక్షల మంది చదివారు. 1980లో క్లాడ్ షబ్రోల్ దాన్ని సినిమాగా తీశారు. 1986లో బ్రెటన్ పుస్తకమూ వచ్చింది. ఆ పేరు తాతగారి మాట నుంచి వచ్చింది. గుర్రం కొనే స్తోమత లేని ఆ తాత, తన కొట్టంలో గర్వమనే గుర్రమైనా ఉంటుందనేవాడట. 1995లో ఎలియాస్ కన్నుమూశారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, "ఇక్కడ కోయ మాట్లాడొద్దు, తెలుగు ఎప్పటికి వస్తుంది?" అని పిల్లల్ని గదమాయించేదాన్ని. వాళ్ల మంచికే అనుకున్నాను. నేను ఎవరి చేతికీ 'ఆవు'ను ఇవ్వలేదు. కానీ నన్ను చూడగానే పిల్లలు మాట ఆపేసేవారు. రెండింటికీ తేడా ఏముంది?

ఇప్పుడు శనివారం రాత్రి అన్నాలయ్యాక, ఇంటి దగ్గర విన్న కథను కోయలోనే చెప్పమంటున్నాను. నాకు అర్థం కానిచోట వాళ్లే నాకు పాఠం చెబుతారు.

తల్లిదండ్రులారా, ఒక్క మనవి. సెలవులకు పిల్లలు ఇంటికొస్తే వాళ్లతో తెలుగులో మాట్లాడకండి. తెలుగు, ఇంగ్లీషు మేం నేర్పుతాం. ఇంటి మాట మాత్రం మీరే ఇవ్వాలి. జై ఆదివాసీ.