పడిసెము – గృహచికిత్స

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభయందు విద్య, వివాహవ్యయములు, వసతిగృహ నిర్వహణము మున్నగు గొప్ప విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించిరి. మాకు లభించిన విషయము మిక్కిలి చిన్నది. పడిసెమును గూర్చి యుపన్యాసమా యని కొందఱు నవ్వవచ్చును. కాని "పడిసెము పదిరోగముల పెట్టు" అను సామెత యూరక పుట్టినది కాదు. మేము వైద్యులము కాము. సంస్కృతము చదివి, పలనాటి గ్రామములలో ముప్పది యేండ్లకు పైగా బాలురకు పాఠములు చెప్పి విశ్రాంతి నొందినవారము. కార్తికము మొదలు మాఘమువఱకు ముక్కు చీదుచు, దగ్గుచు బడికి వచ్చు బిడ్డలను ప్రతి యేటను చూచినవారము. ఆ యనుభవమును, శాస్త్రములలో చదివినదానిని, నేటి వైద్యులు పరీక్షించి తేల్చినదానిని కలిపి మీ యెదుట నుంచుచున్నాము.

మన వైద్యశాస్త్రమున దీనికి ప్రతిశ్యాయమని పేరు. చరకుడు చికిత్సాస్థానమునందును, సుశ్రుతుడు ఉత్తరతంత్రమునందును దీనిని వర్ణించిరి. వాతపిత్తకఫములచేత మూడును, సన్నిపాతముచేత నొకటియు, రక్తముచేత నొకటియు నని యైదు విధములు సుశ్రుతుడు చెప్పెను. ధూళి, పొగ, రాత్రి జాగరణము, మంచు, అజీర్ణము, ఋతువుల మార్పు మొదలగువానిని కారణములుగా నెన్నిరి. తొలుత నీరువలె కాఱు దశ ఆమము. పిదప చిక్కబడు దశ పక్వము. ఈ రెండు దశలకును ఒకటే చికిత్స పనికిరాదనియు, అశ్రద్ధ చేసినచో వినికిడియు ఘ్రాణశక్తియు చెడుననియు, దగ్గు ముదురుననియు హెచ్చరించిరి. సూక్ష్మజీవుల నెఱుగని కాలమున కేవలము చూపుచేతనే యింత గ్రహించుట ఘనమైన విషయము.

నేటి శాస్త్రము దీనికి మూలమును కనుగొన్నది. పడిసెమును కలిగించు వైరసులు 200కు పైగా నున్నవి. వానిలో ముఖ్యమైన రైనోవైరసు 1956 వ సంవత్సరమున గుర్తింపబడినది. ఇంగ్లండు దేశమున సాలిస్బరీ యను పట్టణముచెంత 1946 మొదలు నలువది యేండ్లకు పైగా పడిసెముకొఱకే యొక పరిశోధనశాల నడచినది. ఇన్నిజాతుల వైరసు లుండుటచేతనే నేటికిని దీనికి టీకా లేదు. ఒకమాఱు వచ్చి పోయినవానికి మరల రాదను భరోసాయు లేదు. రోగి తుమ్మినపుడు వెడలు తుంపరలవలనను, ముక్కు తుడుచుకొన్న చేతివలనను అది వ్యాపించును. సోకిన యొకటి మొదలు మూడు దినములలో లక్షణములు కానవచ్చును.

కార్తిక బహుళామావాస్య మొదలు అయిదు దినములు కారెంపూడిలో పలనాటి వీరుల యుత్సవములు జరుగును. ఊరూరినుండి వచ్చిన జనులు చలిరాత్రులయందు మేలుకొని, ఒండొరుల నొఱసికొని కూర్చుందురు. తిరిగివచ్చినపిదప ఇంటింట తుమ్ములు వినవచ్చుటలో వింత యేమి? బ్రహ్మనాయుని చాపకూడున జనులకు కులభేదము లేనట్లే పడిసెమునకును కులము లేదు. కావున భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుటయు, తుమ్మునపుడు మోచేతిని గాని గుడ్డను గాని యడ్డము పెట్టుకొనుటయు మొదటి యౌషధము.

ఇక నొక భేదమును గుర్తింపవలెను. తుమ్మినదెల్ల పడిసెము కాదు. మిరపకల్లములలో కాయ లేరు దినములలో ఘాటు తగిలి ముక్కు కాఱుటయు, పిడుగురాళ్ల సున్నపుబట్టీల ధూళిచేత గొంతు మండుటయు మన ప్రాంతమున సామాన్యము. అట్టివానికి కషాయములకంటె ముక్కునకును నోటికిని గుడ్డ కట్టుకొనుటయు, ఆ చోటు విడుచుటయు మేలు. ప్రతి సంవత్సరము ఆ పనికాలముననే వచ్చి, జ్వరము లేక వారములకొలది నిలుచు తుమ్ములకు వైద్యుని సలహా కావలెను.

పడిసెమును మొదటనే త్రుంపవచ్చునా? వైరసును చంపు మందు మన వంటయింట లేదు, ఔషధశాలలోను లేదు. సాధారణముగా అది వారము పది దినములలో తనంత తానే పోవును. దగ్గు మాత్రము మఱికొన్ని దినములు నిలువవచ్చును. కాని గొంతు గరగరలాడిన మొదటి దినమున తగిన యుపచారము చేసినచో బాధ తగ్గును, నిద్ర పట్టును, ఇతరులకు సోకుటయు తగ్గును. అట్టి యుపచారములను క్రమముగా చెప్పెదము.

మొదటిది వేడిపానము. మిరియములు, జీలకఱ్ఱ, వెల్లుల్లి నలుగగొట్టి, చింతపండు రసమున కాచి, కరివేపాకుతో పోపు పెట్టిన మిరియాల చారు మన యిండ్లలో నెవ్వ రెఱుగరు? జొన్నసంకటితోనైనను వరియన్నముతోనైనను పుచ్చుకొనవచ్చును. 2008 లో కార్డిఫ్ నగరమునందలి పరిశోధకులు ఒకే ఫలరసమును కొందఱికి వేడిగాను కొందఱికి చల్లాఱినదిగాను ఇచ్చి చూచిరి. ముక్కులోని గాలిదారి కొలతలో భేదము కానరాలేదు. కాని వేడిగా త్రాగినవారికి తుమ్ము, దగ్గు, గొంతునొప్పి, చలి వెంటనే యుపశమించినవి. మాంసాహారులకు కోడిచారును ఇట్లే హితము.

రెండవది పుక్కిలింత. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా యుప్పు కలిపి దినమునకు మూడు నాలుగు మాఱులు పుక్కిలించి యుమియవలెను. జపానులో 387 మందిపై జరిపి 2005 లో ప్రకటించిన పరిశోధనలో, ఊరక మంచినీటితో పుక్కిలించినవారికే పడిసెములు తక్కువగా వచ్చినవని తేలినది. ఖర్చు లేని యుపాయము. ముక్కును ఉప్పునీట కడుగువారు మాత్రము కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. చెఱువునీరు, కాలువనీరు కూడదు.

మూడవది తేనె. నిద్రకు ముందు ఒకటి రెండు చెంచాల తేనె పిల్లల రాత్రిదగ్గును తగ్గించునని పరీక్షలలో తేలినది. అల్లపురసము కలిపి యిచ్చుట మన యాచారము. కాని యేడాది నిండని శిశువునకు తేనె నాకింపరాదు. దానివలన బొటులిజమను ప్రాణాంతకమైన వ్యాధి కలుగవచ్చును. పుట్టినబిడ్డకు తేనె నాకించు నాచారమును మన స్త్రీలు మానవలెనని ప్రార్థించుచున్నాము.

నాలుగవది నిద్ర. అమెరికాలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో వైరసును వేసి చూడగా, ఏడు గంటలకు తక్కువ నిద్రించువారికి, ఎనిమిది గంటలు నిద్రించువారికంటె ఇంచుమించు మూడు రెట్లు ఎక్కువగా పడిసెము పట్టినది. ఈ ఫలితము 2009 లో వెల్లడియైనది. జాగరణమును దోషముగా నెన్నిన చరకుని మాట కిది సాక్ష్యమువలె నున్నది.

శొంఠి, పిప్పలి, మిరియములు కలిసిన త్రికటుకము, తులసి, వామాకు, పసుపు కలిపిన పాలు గొంతునకు హాయి నిచ్చును. "శొంఠి లేని కషాయము లేదు" అన్నారు గదా! అయినను ఇవి పడిసెపు దినములను తగ్గించునని దృఢముగా నిరూపింపబడలేదు. మితముగా పుచ్చుకొనుడు, అతిగా నమ్మకుడు. అడ్డసరపాకు దగ్గునకు ప్రసిద్ధము. దానిలోని వాసిసీను ఆధారముగానే బ్రోమ్‌హెక్సినను నేటి మందు పుట్టినది. గర్భిణులు మాత్రము దానిని వాడరాదు. ఉసిరిక మంచి యాహారమే గాని, పడిసెము పట్టినపిదప "సి" విటమిను పుచ్చుకొన్నందువలన నిశ్చితమైన గుణము కనబడలేదు.

ఆవిరి పట్టుట యందఱకును ప్రియము. 2020, 2021 సంవత్సరముల మహమ్మారి కాలమున నది లేని యిల్లు లేదు. ముక్కు తేలికపడినట్లుండును, అంతకు మించిన ఫలము స్థిరపడలేదు. సలసల కాగు నీటిగిన్నె తొణికి పిల్లలు కాలుట తఱచు. కావున పిల్లలకు ఆవిరి వలదు. "లంఖనము పరమౌషధము" అను మాటయు పెద్దలకు ఒకపూటకు చెల్లునేమో గాని, పాలు త్రాగు బిడ్డకు చెల్లదు. తల్లిపాలు మఱింత తఱచుగా నీయవలెను.

ఇప్పుడు మాకు మిక్కిలి ముఖ్యమైన మాట. గృహవైద్యమను పేర శిశువుల ముక్కులలో నూనె పోయకుడు. అది యూపిరితిత్తులలోనికి పోయి వ్యాధి కలిగించును. కర్పూరమును ముక్కునకు పూయకుడు, లోపలికి ఈయకుడు. దానిచేత మూర్ఛలు రావచ్చును. పసివానికి సారా చుక్క పోయుట పాపము. అట్లే "సూది వేసిన గాని తగ్గదు" అని గ్రామవైద్యుని నిర్బంధింపకుడు. యాంటీబయాటిక్కులు వైరసుపై పనిచేయవు. వ్యర్థముగా వాడినచో నిజముగా కావలసిననాడు అవి పనికిరాకుండ పోవును.

దుకాణమున తెచ్చిన దగ్గుమందు విషయమున మఱింత జాగరూకత వలయును. 2022 లో గాంబియా దేశమున 60 మందికి పైగా బిడ్డలు మరణించిరి. వారి మరణములకు మన దేశమున చేసిన దగ్గుమందులతో సంబంధము కలదని ప్రపంచారోగ్యసంస్థ హెచ్చరించినది. 2025 లో మధ్యప్రదేశమునందలి ఛింద్వాడా జిల్లాలో డైఇథిలిన్ గ్లైకాలను విషము కలిసిన దగ్గుమందు త్రాగి, మూత్రపిండములు చెడి, పదుగురికి మించి పసివారు చనిపోయిరి. ఆ తల్లులు బిడ్డలకు మేలు చేయుచున్నామనియే గదా పోసిరి! రెండేండ్లు నిండనివారికి దగ్గుపడిసెముల మందులు ఈయవలదని కేంద్ర ఆరోగ్యశాఖవారు ఆ యేటనే యాదేశించిరి.

పడిసెము న్యుమోనియాగా మాఱుటను కనిపెట్టు నుపాయ మొకటి ప్రతి తల్లియు నేర్వవలెను. బిడ్డ యేడ్వక నెమ్మదిగా నున్నపుడు గడియారము చూచి ఒక నిమిషము ఊపిరి లెక్కింపవలెను. రెండు నెలల లోపు శిశువునకు 60, రెండు నెలల మొదలు ఏడాది లోపు 50, ఏడాది మొదలు అయిదేండ్ల లోపు 40 – ఈ సంఖ్యలు గాని అంతకు మించి గాని యున్నచో అది యింటివైద్యమునకు లొంగునది కాదు. డొక్క లెగురవేయుట, పాలు త్రాగకపోవుట, మగతగా పడియుండుట, పెదవులు నీలమగుట కానవచ్చినచో క్షణమైనను ఆలసింపక 108 కు ఫోను చేసి యాసుపత్రికి తీసికొనిపోవలెను. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరము తగిలినను అంతే. పెద్దలలో ఉబ్బసము, మధుమేహము, హృద్రోగము కలవారును, మూడు దినములకు మించి జ్వరము విడువనివారును వైద్యుని చూడవలెను.

తుదకు సంఘమువారికి రెండు విన్నపములు. మన వసతిగృహమున నొక బాలునికి పడిసెము వచ్చిన వారము దినములలో అది గదులన్నిటిని చుట్టుచున్నది. పరీక్షలకు పోవలసిన బాలురు పడకల నుందురు. పోషకులు దయచేసి రోగులకు వేఱుగా గాలి వెలుతురు గల గది యొకటియు, చేతులు కడుగుకొనుటకు కుళాయిలును, వేడినీటి వసతియు కల్పించినచో నది శాశ్వతధర్మ మగును. ఊపిరి లెక్క సంఖ్యలను, 108 ని ఒక చిన్న యట్టపై ముద్రించి, ఈ సంచికతోపాటు ప్రతి యింటికిని పంపవలెననునది రెండవది. దాని కగు వ్యయము స్వల్పము. దానిచే నిలుచు ప్రాణము అమూల్యము.

 కోటప్పకొండ త్రికూటేశ్వరస్వామి మీ యిండ్లలోని పిన్నపెద్దలకు ఆయురారోగ్యములు ప్రసాదించు గాక!