వేలు ఎక్కడ ఆగుతున్నదో చూడండి
(ఏప్రిల్ 14న పాతబస్తీ వాడలో ఒక టీచర్ ప్రసంగం)



ఇయ్యాల బాబాసాహెబ్ జయంతి. ఇంకో పది రోజులైతే బళ్ళకు ఎండాకాలం సెలవులు. రెండో తరగతి పిల్లలకు ఈ నెల ఒత్తులున్న మాటలు చదివిస్తున్నం. 42లోంచి 17 తీసెయ్యాలంటే పదుల ఇంటి నుంచి అప్పు తేవాలని చెప్తున్నం. 'వడ్డీ ఎంత సార్?' అన్నడొకడు. అప్పంటే మన పిల్లలకు చెప్పాల్నా!

నోటుబుక్కుల నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు తుడిచి అదే మాట పుస్తకంలో చూపిస్తే కొందరు నోరు విప్పరు. చూసి గీసుడు వచ్చింది, చదువుడు రాలేదు. అయినా పై తరగతికి పోతరు. ఇందులో మా టీచర్ల తప్పు కూడా ఉన్నది, దాచను.

సర్కారు చదువు ఉర్దూలో నడిచే రోజుల్లో, 1910లో, భాగ్యరెడ్డి వర్మ మూసీ అవతల ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లలకు తెలుగు బళ్ళు పెట్టిండు. పోనుపోను అవి పాతిక దాకా అయినయి. పేరు నమోదుకే ఆయన అంత కష్టపడలేదు.

మాకు చదువు రాదు, ఎట్ల తెలుస్తదంటరా? రాత్రికి పిల్లను పక్కన కూచోబెట్టుకొని, వేలు పెట్టి చదవమనండి. వేలొక దిక్కు, నోరొక దిక్కు పోతే సెలవులియ్యకముందే బడికి రండి. ముందు నన్నే అడగండి.