న్యాయవాది వాక్కు – పదమూలములు



న్యాయశాస్త్ర పట్టభద్రులారా, ఇట్టి పట్టప్రదానసభలయందు మాటలాడువారు దేశపరిస్థితులను గూర్చియో, పౌరధర్మములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను అంతకంటె చిన్నదిగా కనిపించెడి విషయమునొకదానిని ఎన్నుకొంటిని. ఇంగ్లీషు పదములలో నిమిడియున్న గ్రీకు, లాటిను ధాతువులను గుర్తెరిగి, వాని సాయమున ఆ భాషను స్వాధీనము చేసికొనుట యెట్లు అన్నదే ఆ విషయము. మీలో ననేకులు తెలుగు మాధ్యమమునందో ఉర్దూ మాధ్యమమునందో చదువుకొని, ఈ కళాశాలలో అడుగిడిన పిమ్మటనే ఇంగ్లీషు తీర్పులను మొదటిసారిగా ఎదుర్కొన్నవారు. నిఘంటువును ముందుంచుకొని, దినమునకిన్ని మాటలని వల్లెవేసి, వారము తిరుగకముందే వానిని మరచిపోవుట ఎంతటి నిరుత్సాహమును కలిగించునో మీరెరుగుదురు. ఇసుకలో పోసిన నీటివలె ఆ శ్రమ యింకిపోవుటకు మీ బుద్ధిమాంద్యము కారణము కాదు. పదమును దాని వంశమునుండి వేరుచేసి, అనాథవలె ఒంటరిగా నేర్చుకొనుటయే కారణము.

నేటి ఈ సభకు ఇంగ్లీషులో కాన్వొకేషన్ అని పేరు. లాటినులో వొకారే యనగా పిలుచుట. కలసిరండని పిలువగా కూడినది కాన్వొకేషన్. ఆపన్నుడు తన పక్షమునకు పిలుచుకొన్నవాడు అడ్వొకేటు. ఇచ్చిన అనుమతిని వెనుకకు పిలిచినచో అది రివోక్ చేయుట. రెండర్థములు సమానముగా పలికెడి వాక్యము ఈక్వివోకల్. ప్రతిపక్షపు సాక్షి నోట మీరు పట్టుకొనవలసినది దానినే. ఇక పదసంపదకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న వొకాబ్యులరీ యను పేరును ఈ కుదుటిలోనిదే. ఈ క్రియకు తోబుట్టువైన వోక్స్ అను లాటిను నామమునకును మన వాక్కునకును మూలమొక్కటేయని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. కావున నేడు మీరు కూడిన సభ, మీరు చేపట్టబోవు వృత్తి, నేను మాటలాడుచున్న విషయము, మూడును వాక్కు ఇంటివే.

ఈ బంధుత్వమును లోకమునకు ప్రకటించినవాడు ఒక న్యాయమూర్తి యగుట మీరు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినది. కలకత్తా సుప్రీంకోర్టున న్యాయాధిపతిగా నుండిన సర్ విలియం జోన్సు, హిందూధర్మశాస్త్రములను పండితుల నోటినుండి కాక మూలమునుండియే తెలిసికొనగోరి సంస్కృతమునభ్యసించెను. 1786 ఫిబ్రవరి 2వ తేదీన ఆసియాటిక్ సొసైటీయందు ప్రసంగించుచు, సంస్కృత గ్రీకు లాటిను భాషల ధాతువులయందును, వ్యాకరణరూపములయందును కనిపించు సామ్యము యాదృచ్ఛికము కాజాలదనియు, అవి యొకే మూలమునుండి వెలువడియుండవలెననియు అతడు వచించెను. వ్యాజ్యములను న్యాయముగా తీర్పవలెనన్న తపనయే యొక శాస్త్రము పుట్టుకకు హేతువయ్యెను.

మనము కూడియున్న హైదరాబాదులోని ఈ బషీర్‌బాగునకును ఈ విషయముతో గాఢమైన సంబంధమున్నది. పాయిగా వంశమునకు చెందిన బషీరుద్దౌలా సర్ ఆస్మాన్ జా పేరిట వెలసిన ఈ ప్రదేశమున 1887లో స్థాపితమైన నిజాం కళాశాల, మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, ఇంగ్లీషు మాధ్యమమున విద్యగరపుచుండెను. దాని ప్రక్కనున్న భవనములోనే 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలి తరగతులు 225 మంది విద్యార్థులతో ప్రారంభమయ్యెను. అచ్చట ఇంగ్లీషు నిర్బంధవిషయముగా నుండినను, బోధన యంతయు ఉర్దూలో జరుగవలెనని నిర్ణయము. గోడకొక ప్రక్క విద్యార్థి కెమిస్ట్రీ యనుచుండగా, ఆవలి ప్రక్క విద్యార్థి కీమియా యనుచుండెను. ఆ రెండు పదములును ఒకటే! గ్రీకులనుండి అరబ్బులకు చేరి అల్ కీమియా యై, అరబ్బులనుండి ఐరోపా పండితుల లాటినులోనికి పోయి ఆల్కెమీ యై, తుదకు కెమిస్ట్రీ యైన ఆ పదము, రెండు దారులలో ప్రయాణముచేసి బషీర్‌బాగులో తన్ను తానే కలిసికొన్నది.

ఉస్మానియా విద్యార్థులకు గ్రంథములను సిద్ధపరచుటకై 1917లోనే దారుల్ తర్జుమా యను అనువాదసంస్థ యేర్పడినది. మౌల్వీ అబ్దుల్ హక్ నిర్వహణమున అచ్చటి పండితులు చేసిన పని సామాన్యమైనది కాదు. ఒక్కొక్క శాస్త్రపదమును చేతబట్టి, ఇది యే ముక్కలతో కూర్పబడినది, ఏ ముక్క యే యర్థమునిచ్చుచున్నది అని విచారింపనిదే దానికి ఉర్దూలో సమానపదము కల్పించుట యసాధ్యము. అరబ్బీ ధాతువులతోనే పదములను కూర్పవలెనా, దేశీయప్రత్యయములను గూడ గ్రహింపవలెనా యని వారిలో వాదములు చెలరేగెను. వహీదుద్దీన్ సలీం ఈ పరిభాషానిర్మాణమును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమునే రచించెను. అంతకు పూర్వమే, 1906లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఈ నగరమునందే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, తెలుగున శాస్త్రగ్రంథప్రచురణమునకు పూనుకొని యుండిరి. 1948 తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు బోధనభాష యయ్యెను. ఆ మార్పు మంచిచెడ్డలను నేనిచట తూచబోను. ఇంగ్లీషు పదమును విప్పిచూచుటకు ఆ తరమువారికున్న ఓపిక మాత్రము, ఆ పదమును సిద్ధాన్నముగా భుజించుచున్న మనకు లేకపోవుట నాకు విచారకరముగా నున్నది.

గ్రీకు, లాటిను అనగానే అవి యెచ్చటివో దూరదేశపు మాటలని బెదరవలదు. మీరు వచ్చునప్పుడు జేబులో పెట్టుకొన్న కలము, గ్రీకుల కలమోస్ అరబ్బీ మీదుగా మనకు చేరిన రూపము. చట్టమునకు హైదరాబాదీలు వాడు కానూను, కొలబద్ద యను నర్థముగల గ్రీకుపదమైన కనోన్. ఇంగ్లీషున కానన్ అనునదియు నదియే. మన గ్రామములలో కరణముల యిండ్ల దఫ్తరములుండెడివి గదా! వ్రాయుటకుపయోగించు తోలును గ్రీకులు డిఫ్తెరా యనిరి. పారశీకము ద్వారా అది దఫ్తరమయ్యెను. గొంతులో తోలువంటి పొర యేర్పడు వ్యాధికి వైద్యులు డిఫ్తీరియా యని పేరు పెట్టినదియు ఆ పదముతోనే. జ్యోతిశ్శాస్త్రముతో కూడ గ్రీకులనుండి వచ్చి, సంస్కృతమున కలిసి, తెలుగున స్థిరపడిన కేంద్రము అను మాట ఇంగ్లీషు సెంటర్‌నకు సాక్షాత్తు సోదరి.

పదములను విడదీసి చూచు విద్య మనకు క్రొత్తది కాదు. ధాతువు, ఉపసర్గ, ప్రత్యయము అను విభాగమును మన వ్యాకర్తలు అతిసూక్ష్మముగా నెరపియున్నారు. హృ ధాతువొక్కటియే ముందు చేరిన ఉపసర్గనుబట్టి ఆహారమును, విహారమును, సంహారమును, పరిహారమును అగుట తెలుగు పాఠశాలలో చదివినవారెల్లరు విన్నదే. ఆ దృష్టితోనే లాటిను డికేరే ధాతువును చూడుడు. దానికి చెప్పుట యని యర్థము. ముందుగా చెప్పిన ప్రెడిక్ట్, ఎదురుచెప్పిన కాంట్రడిక్ట్, సత్యముగా పలికినది వెర్డిక్ట్, న్యాయము పలుకుటకు అధికారముగల పరిధి జ్యూరిస్‌డిక్షన్. జడ్జి యను మాటలోగూడ న్యాయమునకు జూస్, చెప్పుటకు డికేరే కలిసియున్నవి. ఈ ధాతువునకు సంస్కృతమున జ్ఞాతి దిశ్. చూపుట దాని యర్థము. ఆదేశము, నిర్దేశము, ఉపదేశము దానినుండి జనించినవే. స్టారే అను లాటిను ధాతువు మన స్థా ధాతువే: స్టాట్యూట్, స్టేటస్, ఇన్‌స్టిట్యూషన్, కాన్‌స్టిట్యూషన్ ఒకవైపు, స్థితి, స్థానము, సంస్థ, వ్యవస్థ మరియొకవైపు. రెండు కుటుంబములను ఎదురెదురుగా కూర్చుండబెట్టి చూచిన విద్యార్థికి ఇంగ్లీషు పదము పరాయిదిగా తోచదు.

ఇచ్చటినుండి ఆబిడ్సునకు నడచిపోవువారికి దారిలో గన్‌ఫౌండ్రీ తగులును. ఫ్రెంచి సేనాని రేమండు పర్యవేక్షణమున ఫిరంగులను పోతపోసిన ఆ స్థలమును ఉర్దూలో తోప్ కా సాంచా యందురు. ఫౌండ్రీకి మూలమైన ఫుండెరే యనగా పోయుట. తిరిగి పోయుట రిఫండ్. ఒకరి నెత్తురును మరియొకరిలో పోయుట ట్రాన్స్‌ఫ్యూజన్. ఒకటితో నొకటి కలియబోసి తెలియరాకుండ చేయుట కన్‌ఫ్యూజన్. అగ్నిలో నేతిని పోయుటను తెలిపెడి మన హు ధాతువు దీనికి దగ్గరి చుట్టము. హోమము, హవిస్సు, ఆహుతి యను పావనపదములును, ఫిరంగుల పోతశాలయు ఒకే మూలమునుండి వచ్చుట చూచినపుడెల్ల నాకాశ్చర్యము కలుగును. అయితే ఫౌండేషన్ అను మాటను ఇందులో చేర్పరాదు. అది అడుగుభాగమను నర్థముగల ఫుండుస్ నుండి వచ్చినది. ఫండ్ అనునదియు నట్టిదే. ఫండ్ ఒక వంశము, రిఫండ్ మరియొక వంశము. చెవికి వినవచ్చు పోలికను నమ్మువాడు ఈ మార్గమున తరచుగా దారితప్పును.

మీ శాస్త్రమునకే వత్తము. మన రాజ్యాంగపు 32వ అధికరణము సుప్రీంకోర్టునకును, 226వ అధికరణము హైకోర్టులకును ప్రసాదించిన రిట్లు ఐదు. వానిని మీరు పరీక్షలకై కంఠస్థము చేసితిరి. ఇపుడు విప్పి చూడుడు. హేబియస్ కార్పస్ అనగా దేహమును నీవు తెచ్చి చూపవలెనని నిర్బంధించినవానికి న్యాయస్థానము చేయు ఆజ్ఞ. కార్పస్ దేహము, దానినుండియే శవమునకు కార్ప్స్, అనేకులు చేరి యొక దేహమై నిలిచిన సంస్థకు కార్పొరేషన్. హేబియస్‌లోని హబేరే ధాతువునకు కలిగియుండుట, పట్టియుంచుట అని యర్థము. అదే ధాతువు ప్రొహిబిషన్ రిట్టులో దాగియున్నది: క్రింది న్యాయస్థానమును దాని పరిధి దాటకుండ ముందుగనే పట్టి నిలుపునది. న్యాయస్థానమునందు వెలుపలికి పట్టి చూపెడి ఎగ్జిబిట్ కూడ ఆ యింటిదే. నిర్బంధితుని విడిపించు రిట్టును, క్రింది న్యాయస్థానమును నిలువరించు రిట్టును ఒకే ధాతువునుండి పుట్టినవని తెలిసినవాడు వానిని మరి మరచునా?

మాండమస్ అనగా మేము ఆజ్ఞాపించుచున్నాము. మాండారే అను ఈ ధాతువును చేతికి అప్పగించుటగా పెద్దలు వివరింతురు. కమాండ్, డిమాండ్ దాని సంతతి. తెలుగు పత్రికలలో ప్రతిదినము కనిపించు రిమాండు అనునదియు నదియే. మరల అప్పగించుట, తిరిగి పంపుట. సెర్షియొరారై యందు నిశ్చయమను నర్థముగల సెర్టుస్ ఉన్నది. మీ చేతులలోని సర్టిఫికెట్టులలోను అదియే యున్నది. క్వో వారంటో మాత్రము భిన్నము. అందులోని వారంటు లాటిను వేషము ధరించిన జర్మానిక్ పదము, గ్యారంటీకి తోబుట్టువు. బెయిలునకు మూలము బరువు మోయుటను తెలుపు లాటిను క్రియ. ఒకని భారమును మరియొకడు తన నెత్తిన పెట్టుకొనుటయే గదా జామీను! పెరోల్ యనునది మాట; తిరిగి వత్తునని యిచ్చిన మాటమీద విడిచిపుచ్చుట. అఫిడవిట్టులో ఫిడేస్, అనగా విశ్వాసము, కలదు. ఆ యర్థమెరిగి సంతకము పెట్టించు న్యాయవాది, కక్షిదారుచేత అబద్ధపు ప్రమాణమును పలికించుటకు కొంచెము వెనుదీయునని నా నమ్మకము.

ఇంతచెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక చేయకున్న నేను మిమ్ములను తప్పుదారి పట్టించినవాడనగుదును. ధాతువు పదము పుట్టిననాటి తలంపును తెలుపును గాని, పదార్థసత్యమును తెలుపదు. దీనికి నిదర్శనము మన జంటనగరమునందే కలదు. చిత్తడినేలల చెడుగాలివలన జ్వరము వచ్చునని తలంచిన ఇటలీవారు దానిని మలేరియా యనిరి. చెడు అను నర్థముగల లాటిను మలుస్ అందున్నది. మాలిస్, మాలాఫైడీ యను న్యాయపదములలోనిదియు నదియే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జ్వరక్రిమిని కనుగొని, దోషము గాలిది కాదనుటకు ఆధారము చూపెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. సిద్ధాంతము కూలిపోయినను పేరు నిలిచినది. అట్లే, ఒకే తీరున వినిపించు ధాతువులును వేరువేరు కావచ్చును. పెడెస్ట్రియన్‌లోని పెడ్ మన పాదమే. పీడియాట్రిక్స్‌లోనిది గ్రీకులో శిశువు. హోమిసైడ్‌లోని హోమో లాటినులో మనుష్యుడు; హోమోజీనియస్‌లోని హోమో గ్రీకులో సమానము, మన సమ శబ్దమునకు బంధువు. శాసనమునందలి పదమునకు అర్థమును శాసనపు నిర్వచనమునందును, పూర్వతీర్పులయందును వెదకవలెను. ధాతువు చేయునది ఆ వెదకులాటకు తోడ్పాటు మాత్రమే.

అభ్యాసమునకు పెద్ద పరికరములక్కరలేదు. ఆబిడ్సు కాలిబాటలమీద ఆదివారమునాడు పరచెడి పాతపుస్తకములలో, 1949లో వెలువడిన నార్మన్ లూయిస్ గ్రంథము వర్డ్ పవర్ మేడ్ ఈజీ దొరకిన మంచిదే. అంతకంటె మేలు, పదచరిత్రను చూపెడి నిఘంటువు నొకదానిని సంపాదించి, మీరు చదువు తీర్పులో తటస్థించిన కఠినపదమును ఆనాడే విప్పి, దాని బంధువులను నాలుగింటిని ప్రక్కన వ్రాసి, తెలుగు మాటను దాని యెదుట నుంచుట. పదముల పట్టికలను కొని తెచ్చి చదువవలదు; మీ పనిలో ఎదురుపడిన పదమే మీకు దక్కును.

ఆ తెలుగు మాటను ఎదుట నుంచుడని నేను నొక్కి చెప్పుటకు కారణమున్నది. నాంపల్లి క్రిమినలు కోర్టుల ఆవరణమునకు ఏ పనిదినమున పోయినను, కాగితపు మడతను గుప్పిట పట్టుకొని, లోపల జరిగినదేమియో తెలియక, నల్లకోటు కనిపించిన ప్రతివానిని అడుగుచున్న తల్లులను చూడవచ్చును. అట్టి తల్లి యొకతె తన కొడుకును రిమాండు చేసినారని వినినది. ఆ మాట శిక్షయో, విడుదలయో ఆమె యెరుగదు. తెలుగును అధికారభాషగా గుర్తించిన శాసనము 1966లో వచ్చినది. వావిలాల గోపాలకృష్ణయ్యగారు తొలి అధ్యక్షులుగా అధికారభాషాసంఘము 1974లో ఏర్పడినది. అయినను ఆమె ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు ఎప్పటికిని న్యాయవాదులే. పదమును వల్లెవేసినవాడు రిమాండు అంటే రిమాండే అమ్మా యని సాగిపోవును. దానిని విప్పి చూచినవాడు, “అమ్మా, నీ కొడుకును ఇంకను దోషి అనలేదు. విచారణ ముగియనందున తిరిగి జైలు అధికారులకు అప్పగించినారు. ఫలానా తేదీన మరల తీసికొనివత్తురు, ఆ దినమున బెయిలు అడుగుదము” అని చెప్పగలడు.

పట్టభద్రులారా, మీరు దాఖలు చేయబోవు మొదటి రిట్టు పిటిషను ప్రతితో కూడ ఒక తెల్లకాగితమును జతపరచి, అందు వాడిన ఇంగ్లీషు, లాటిను పదములకెల్ల ఆ కక్షిదారునకు తెలియునట్టి తెలుగులో అర్థములు వ్రాసి అతని చేతికిండు. అతడు చదువనేర్వనివాడైనచో చదివి వినిపింపుడు.