ఫొటో కింద రాతే సాక్ష్యం
(ఫొటోలు తీయడం నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)



కెమెరా అన్యాయాన్ని బయటపెడుతదని మనమంతా నమ్ముతం. నిజమే. కానీ ఎట్ల బయటపెడుతది? ఈ సంగతి తెలవాలంటే నూరేండ్ల కిందటి అమెరికాకు పోవాలె.

లూయిస్ హైన్ అని న్యూయార్క్‌ల ఒక బడిపంతులు. 1908లో, పిల్లలతో పని చేయించొద్దని కొట్లాడే జాతీయ కమిటీ ఆయన్ను ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నది. నూలు మిల్లులు, బొగ్గు గనులు, గాజు ఫ్యాక్టరీలు తిరిగిండు. గేటు దగ్గర ఆపుతరని, బైబిళ్లు అమ్మేటోన్నని చెప్పి కూడా లోపలికి పోయిండు. తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెత్తులో ఉన్నయో ముందే కొలుచుకున్నడు. పిల్ల పక్కన నిలబడితే చాలు, ఎత్తు తెలిసిపోయేది. చెయ్యి జేబులనే ఉంచి, ఎవరికీ కనబడకుండ రాసుకునేటోడు.

1908 డిసెంబరులో నార్త్ కరోలినా రాష్ట్రం విట్నెల్ నూలు మిల్లుల ఒక చిన్నపిల్ల ఫొటో తీసిండు. కింద ఏం రాసిండు? ఎత్తు 51 అంగుళాలు. పనికొచ్చి ఏడాది. ఒక్కోసారి రాత్రి పని. కూలి రోజుకు 48 సెంట్లు. వయసెంతని అడిగితే ఆ పిల్ల మొదలు యాదికి లేదన్నది. తర్వాత మెల్లగ, పని చేసే ఈడు రాలేదు గానీ చేస్తున్న అన్నది.

ఉత్త ఫొటో అయితే అయ్యో అని పేజీ తిప్పుతం. ఈ నాలుగు మాటలకు మాత్రం మిల్లు యజమాని జవాబు చెప్పాలె.

కమిటీ ఈ ఫొటోలను ప్రదర్శనల్లో, కరపత్రాల్లో ఊరూరా చూపించింది. 1916లో చట్టమొచ్చింది. 1918లో సుప్రీంకోర్టు కొట్టేసింది! నిలబడే చట్టం కోసం 1938 దాకా ఆగాలె. అదంతా ఫొటోల మహిమే అంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. పెద్దలకే పని దొరకని మాంద్యం కాలమది.

ఇయ్యాల అందరి జేబుల్ల కెమెరా ఉన్నది. ఒడిశా నుంచి వలసొచ్చిన ఇటుక బట్టీ కూలీల ఫొటో నిమిషంల వేలమందికి చేరుతది. ఏ ఊరు? ఏ తారీఖు? ఎవరు తీసిండ్రు? ఏమీ ఉండది. పాత ఫొటో అనో, కంప్యూటర్ల తయారు చేసిండ్రనో అవతలోడంటే ఏం చూపిస్తరు? అందుకే మేం జర్నలిస్టులం ముందు కింద రాత అడుగుతం.

ఒక్క జాగ్రత్త. పిల్లల పేరు, మొహం అచ్చుల రావొద్దు. యజమాని మొదలు పట్టుకునేది వాళ్లనే. పేరు నోట్‌బుక్కుల దాచుండ్రి. ఊరు, తారీఖు, కూలి, పనిగంటలు అచ్చు వేయుండ్రి. కెమెరా లేనోళ్లు కూడ రావాలె. ఒకరు తీస్తుంటే ఇంకొకరు పక్కన కూసొని అడిగి రాయాలె.