చిన్న కంపెనీకి పెద్ద బలం: హోండా కథ

"మాది చిన్న కంపెనీ అండీ, ముందు ఇక్కడ ఎదిగాక ఫారిన్ మార్కెట్ సంగతి చూద్దాం" అని చాలామంది అంటుంటారు. ఈరోజు ఒక కథ చెప్తాను. విన్నాక మీరే ఆలోచించండి.

1959. హోండా కంపెనీ పెట్టి అప్పటికి 11 ఏళ్లే. అమెరికాలో బండ్లు అమ్ముదామని లాస్ ఏంజెలెస్‌లో ఆఫీసు తెరిచారు. చేతిలో డబ్బు తక్కువ. జపాన్ నుంచి వెళ్లినవాళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో సర్దుకున్నారు, ఇద్దరు నేల మీదే పడుకునేవారు. అమెరికా వాళ్లకి పెద్ద బండ్లే ఇష్టం కదా, మన 250, 305 సీసీ బండ్లు అమ్ముదాం అనుకున్నారు.

1960లో దెబ్బ తగిలింది. జపాన్‌లో కంటే అక్కడ బండిని చాలా దూరం, చాలా స్పీడ్‌గా నడుపుతారు. ఆయిల్ కారింది, క్లచ్‌లు పోయాయి. మరి హోండా ఏం చేసింది? "మీకు నడపడం రాదు" అనలేదు. పాడైన బండ్లని విమానంలో జపాన్ ల్యాబ్‌కి పంపింది. సుమారు నెల రోజుల్లో ఇంజినీర్లు హెడ్ గ్యాస్కెట్, క్లచ్ స్ప్రింగ్ మార్చేశారు.

ఈలోగా ఇంకో విచిత్రం. ఆఫీసు వాళ్లు ఊళ్లో పనులకి 50 సీసీ సూపర్ కబ్ మీద తిరిగేవారు. ఇంత చిన్న బండి అమ్మితే పరువు పోతుందని దాన్ని ముందుకు తేలేదు. కానీ రోడ్డు మీద జనం దాన్నే చూసి అడగడం మొదలుపెట్టారు. అడిగింది బైక్ పిచ్చి ఉన్నవాళ్లు కాదు, మామూలు మనుషులు! పెద్ద బండ్లు ఇబ్బంది పెట్టాక, ఆ చిన్న బండినే నమ్ముకున్నారు. స్పోర్ట్స్ సామాన్ల షాపుల్లో కూడా పెట్టి అమ్మారు. అదే వాళ్లని నిలబెట్టింది.

ఇందులో అదృష్టం కూడా ఉంది, కాదనను. కానీ అనుకున్నది తప్పని తేలగానే మారిపోయారు చూడండి, అదీ అసలు బలం. పాతుకుపోయిన కంపెనీ ముందు తన పాత అలవాట్లు వదిలించుకోవాలి. కొత్త కంపెనీకి ఆ బరువు తక్కువ, అందుకే త్వరగా నేర్చుకుంటుంది. అయితే డబ్బు అయిపోయేలోపే నేర్చుకోవాలి!

మీరు యాప్ అమ్ముతున్నా, పచ్చళ్లు పంపుతున్నా ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరు కంప్లైంట్ చేశారు? మనం ఊహించని వాళ్లు ఎవరు అడిగారు? వారానికి ఒక్కటైనా మార్చండి.

మీ అనుభవాలు కామెంట్‌లో రాయండి.