ఏకశిలలో బుద్ధుడు

మన మైలవరానికి దగ్గరే కొండపల్లి. అక్కడ బొమ్మలు చేసేవారు పొణికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఏకశిలా విగ్రహానికి ఆ వీలు లేదు. ఉలి దారి తప్పితే దిద్దుకోవడం కష్టం.

అంతటి పనికి పూనుకున్న శిల్పి ఎస్.ఎం. గణపతి స్థపతి. అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు సంకల్పించిన బుద్ధ విగ్రహానికి భువనగిరి దగ్గరి రాయగిరిలో తెల్ల గ్రానైట్ దొరికింది. 1985లో పని మొదలైంది. స్థపతి ఆధ్వర్యంలో పదుల కొద్దీ శిల్పులు ఏళ్ల తరబడి చెమటోడ్చారు. సుమారు 58 అడుగుల మూర్తి సిద్ధమైంది.

1990 మార్చి 10న హైదరాబాద్‌లోని హుస్సేన్‌సాగర్‌లో తరలిస్తుండగా విగ్రహం నీట మునిగింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండున్నరేళ్లకు పైగా నీటి అడుగున ఉన్నా శిల చెక్కుచెదరలేదు. 1992 డిసెంబర్ 1న దాన్ని పీఠంపై నిలిపారు. స్థపతిని పద్మశ్రీ వరించింది.

ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు బుద్ధుడికి దండం పెట్టి, ఆ రాతిని మలిచిన చేతులనూ ఒక్కసారి తలుచుకోండి.